అమ్మకి ఏ పుస్తకం కొనాలి? ముందు అమ్మమ్మకి ఫోన్ చేయండి

ప్రశ్న: మాది తెనాలి. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. వచ్చే నెలలో మా అమ్మకి 60 ఏళ్లు నిండుతాయి. చీర తెస్తే బీరువాలో పెడుతుంది, బంగారం అంటే నీ పెళ్లికి దాచుకోమంటుంది. పెళ్లికి ముందు అమ్మ పుస్తకాల పురుగని అమ్మమ్మ చెబుతూ ఉంటుంది కానీ, నాకు ఊహ తెలిశాక అమ్మ చేతిలో ఆదివారం అనుబంధం, ఇంటికొచ్చే వారపత్రిక తప్ప ఇంకేమీ చూడలేదు. పోయినేడు మదర్స్ డేకి వ్యక్తిత్వ వికాసం పుస్తకం ఒకటి, ఆరోగ్యం గురించి ఇంకొకటి ఇచ్చాను. రెండింటికీ పైనున్న ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. నాది ఇంగ్లీష్ మీడియం, తెలుగు చదవడం వచ్చు కానీ నెమ్మది. 2000 రూపాయల లోపు, అమ్మ నిజంగా చదివే పుస్తకం ఏదైనా చెప్పండి.

సమాధానం: ఆ ప్లాస్టిక్ కవరు దగ్గరే మొదలుపెడదాం. పుస్తకాలంటే ఇష్టం పోయి అమ్మ దాన్ని విప్పలేదని మీరు అనుకుంటున్నట్టున్నారు, నాకు మాత్రం అలా అనిపించడం లేదు. ఇంటెడు చాకిరీ చేసి, పిల్లల్ని చదివించి ఒక ఒడ్డుకి చేర్చిన మనిషి చేతిలో, ఎలా ఆలోచించాలో ఎలా బతకాలో నేర్పే పుస్తకం పెడితే, పైకి ఏమీ అనకపోయినా లోపల చిన్నగా గుచ్చుకుంటుంది, ఇన్నాళ్లూ నేను బతికింది బతుకు కాదా అని. షుగరు గురించి, మోకాళ్ల గురించి డాక్టరు చెబుతూనే ఉంటారు, వాట్సాప్‌లో చుట్టాలు రోజూ చెబుతూనే ఉంటారు, మళ్లీ కూతురు కూడా పుట్టినరోజు పూట అదే చెబితే ఎవరికి చదవాలనిపిస్తుంది చెప్పండి. మీరు ప్రేమతోనే కొన్నారు, ఆ సంగతి అమ్మకీ తెలుసు, అందుకే ఎవరికీ ఇచ్చేయకుండా దాచి ఉంటుంది. దాని గురించి బాధపడకండి, ఈసారి వేరే దారిలో వెళ్దాం.

ఇంకో పొరపాటు కూడా చాలామంది చేస్తారు, మీరు చేయకముందే చెబుతున్నాను. 60 రాగానే భక్తి పుస్తకాలు కొనిపెట్టడం. అమ్మకి నిజంగా ఆ అభిరుచి ఉంటే అంతకంటే మంచి కానుక లేదు. పోతన భాగవతం పద్యాలు నోటికొచ్చిన అమ్మలు ఉన్నారు, వాళ్లకి టీటీడీ వాళ్లు తాత్పర్యంతో వేసిన భాగవతం ఇస్తే పండగే. కానీ వయసు చూసి మనమే నిర్ణయించేస్తే, నీ కథల రోజులు అయిపోయాయి ఇక రామా కృష్ణా అనుకో అని చెప్పినట్టు అవుతుంది. ఇక ‘అమ్మ’ అనే పేరు చూసి గోర్కీ నవల కొనేవాళ్లు కూడా ఉంటారు. అది గొప్ప నవలే, తెలుగులో తరతరాలుగా చదువుతున్నదే, కానీ అందులో ఉన్నది రష్యాలో ఫ్యాక్టరీ కార్మికుల పోరాటం, కొడుకు వెంట నడిచి తనూ ఆ పోరాటంలోకి దిగిన ఒక తల్లి. అలాంటివి ఇష్టపడే అమ్మకైతే సరే, కేవలం అట్ట మీద పేరు కోసం మాత్రం కొనకండి.

మా అమ్మ సంగతి ఒకటి చెప్పాలి, మీ ఉత్తరం చదవగానే అదే గుర్తొచ్చింది. మా అమ్మ ట్రంకుపెట్టెలో అట్ట లేని ఒక లావుపాటి కట్ట ఉండేది. వారపత్రికలో వచ్చిన సీరియల్‌ని వారం వారం జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో మూడు కన్నాలు పొడిచి, పురికొసతో కుట్టుకుంది. అప్పట్లో ఇలా కుట్టుకున్న సీరియళ్లు చాలా ఇళ్లలో ఉండేవి. పేజీల అంచులు గోధుమరంగుకి తిరిగాయి, కొన్ని పేజీల వెనక తలనూనె ప్రకటనలు, సగం తెగిపోయిన వారఫలాలు. మొదటి పేజీ పైన నీలం సిరాతో అమ్మ పేరు, పక్కన పుట్టింటి ఇంటిపేరు. అందులో ఒక్క వారం లేదు. 23వ భాగం తర్వాత నేరుగా 25. ఎదురింటావిడ చదివి ఇస్తానని పట్టుకెళ్లి మళ్లీ తేలేదట, ఆ తర్వాత వాళ్లు ఇల్లు మారిపోయారు.

మా చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ అమ్మ ఆ కథే చెప్పేది, ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. ఆ చోటికి వచ్చేసరికి ఆగి, “ఇక్కడ ఒక వారం పోయిందిరా, ఏం జరిగిందో తెలీదు, మొత్తానికి ఆ పిల్ల ఊరు వదిలి వెళ్లిపోయింది” అని మళ్లీ అందుకునేది. మాకు ఆ ఖాళీ కూడా కథలో భాగమే. చాలా ఏళ్ల తర్వాత ఒక ఆదివారం హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో అదే నవల పుస్తకంగా కనిపించింది, వెనక అట్ట లేదు, లోపల ఏదో అద్దె పుస్తకాల షాపు రబ్బరు స్టాంపు. ఇంటికి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ మొదటి పేజీ తియ్యలేదు. వంటగది గట్టుకి ఆనుకుని నిలబడి, సరిగ్గా మధ్యలోకి వెళ్లి, వేలు పెట్టుకుని వెనక్కీ ముందుకీ తిప్పి ఆ చోటు పట్టుకుంది. కుక్కర్ మూడు విజిల్స్ వేసినా పట్టించుకోలేదు, నేనే వెళ్లి స్టవ్ ఆపాను. చదవడం అయ్యాక కళ్లజోడు తీసి, “అయితే ఉత్తరం దాచింది వాళ్లన్నయ్యా! పాపం, ఇన్నేళ్లూ నేను ఆ మేనమామని తిట్టుకుంటున్నాను” అంది.

ఆ పుస్తకానికి నేనిచ్చింది 30 రూపాయలు. అమ్మకి నేను కొన్నవాటిలో ఇంత పనికొచ్చిన వస్తువు ఇంకొకటి లేదు.

మీ అమ్మకి కూడా ఎక్కడో ఒక చోట చదువు ఆగిపోయి ఉంటుంది. పెళ్లి దగ్గర కావచ్చు, మీరు పుట్టినప్పుడు కావచ్చు, అత్తగారింట్లో పుస్తకం పట్టుకుంటే పని ఎగ్గొడుతున్నావా అన్న మాట దగ్గర కావచ్చు. ఏం చదువుతూ ఆగిపోయిందో తెలుసుకోవడమే మీరు చేయాల్సిన అసలు పని, కొనడం ఒక్క గంటలో అయిపోతుంది. అమ్మని నేరుగా “నీకేం పుస్తకం కావాలి” అని మాత్రం అడగకండి, “ఇప్పుడెందుకే డబ్బు దండగ” అనేస్తుంది, అక్కడితో దారి మూసుకుపోతుంది. అమ్మమ్మకి ఫోన్ చేయండి, పిన్నికో పెద్దమ్మకో చేయండి. మీ ఇంటికి ఏ పత్రిక వచ్చేది, అద్దె పుస్తకాలు ఎక్కడ తెచ్చుకునేవాళ్లు, వారపత్రిక రాగానే ముందు నేనంటే నేనని అక్కచెల్లెళ్లు ఏ సీరియల్ కోసం కొట్టుకునేవాళ్లు, చదువుతూ తిట్లు తిన్నది ఏ పుస్తకానికి, ఇలా అడగండి. తిట్లు తిన్న పుస్తకం ఎవరూ మర్చిపోరు. అమ్మతో మాట్లాడేటప్పుడు కూడా పుస్తకం ఊసెత్తకుండా, “అమ్మా, నీకు చిన్నప్పుడు హీరోయిన్ అంటే ఎవరు, కథల్లో?” అని అడిగి చూడండి, ఆ పేర్లు గొంతులో ఎలా పలుకుతాయో వినండి.

మీ అమ్మ వయసు లెక్క చూస్తే చిన్నప్పుడు చందమామ, స్కూలు దాటి కాలేజీకి వచ్చేసరికి యద్దనపూడి సులోచనారాణి గారి నవలలు చేతులు మారుతున్న రోజులు. ‘సెక్రటరీ’ పేరు చెప్పి చూడండి, జయంతి, రాజశేఖరం అని తనే అందుకుంటే మీకు సగం జవాబు దొరికినట్టే. చదివిన పుస్తకమే మళ్లీ ఇవ్వడం ఏంటని మొహమాటపడకండి. అప్పుడు అద్దెకి తెచ్చుకుని, రెండో రోజుకి తిరిగిచ్చేయాలని టెన్షన్ పడుతూ, పరీక్ష పుస్తకంలో పెట్టుకుని చదివింది, ఇప్పుడు అది తన సొంతమవుతుంది, ఎన్నాళ్లయినా ఉంచుకోవచ్చు. మా వీధిలోనే ఒకావిడకి కొడుకు ఇలాగే పాత నవల ఇస్తే, మొదట్లో మళ్లీ చదవడం ఎందుకు అని పక్కన పెట్టి, తర్వాత రెండు రాత్రుల్లో పూర్తి చేసి, అప్పుడు మెచ్చుకున్న హీరో మీద ఇప్పుడు కోపమొస్తోందని మాకందరికీ చెప్పింది. అప్పటి కథని ఇప్పటి బుర్రతో చదవడంలో ఆ సరదా ఉంది.

తెలిసిన పుస్తకం ఒకటి, తెలియని పుస్తకం ఒకటి, ఇదీ నా సలహా. తెలియనిదాన్ని అమ్మ స్వభావం చూసి ఎంచుకోవాలి. కబుర్లు చెప్పి నవ్వించే మనిషైతే భానుమతి గారి ‘అత్తగారి కథలు’ కళ్లు మూసుకుని కొనేయండి, సినిమాల్లో భానుమతిని చూసిన వాళ్లకి ఆ వాక్యాలు ఆవిడ గొంతుతోనే వినపడతాయి. కొత్త దేశాలు, కొత్త సంగతులు తెలుసుకోవాలనే కుతూహలం ఉంటే మాలతీ చందూర్ గారి ‘పాత కెరటాలు’. ఇంగ్లీష్ నవలల్ని తెలుగు పాఠకులకి పక్కన కూర్చుని చెబుతున్నట్టు పరిచయం చేశారు, ఒక్కో వ్యాసం ఒక్కో మధ్యాహ్నానికి సరిపోతుంది. ఆవిడే ఆంధ్రప్రభలో ‘ప్రమదావనం’ నడిపారు, పాఠకుల ప్రశ్నలకి జవాబులు రాసేవారు, నేను ఇవాళ ఈ పని చేస్తున్నానంటే ఆ శీర్షిక చదివి పెరగడం వల్లే. ఎదురు ప్రశ్నలు వేసే అమ్మ, అన్యాయం చూస్తే ఊరుకోని అమ్మ అయితే రంగనాయకమ్మ గారి ‘జానకి విముక్తి’ బాగుంటుంది. అదే రచయిత్రి రాసిన ‘రామాయణ విషవృక్షం’ మాత్రం ఇంట్లో రోజూ పారాయణం చేసే అమ్మకి పుట్టినరోజు పూట ఇవ్వొద్దు, ఆ వాదన ఎంత బలమైనదైనా ఆ రోజు దానికి సమయం కాదు.

నన్ను ఒక్కటే చెప్పమంటే డాక్టర్ పి. శ్రీదేవి గారి ‘కాలాతీత వ్యక్తులు’. 1950ల చివర్లో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చింది, 1963లో వచ్చిన ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమాకి కథ దీన్నుంచే తీసుకున్నారు. అందులో ఇందిర అనే అమ్మాయి ఉంటుంది, తండ్రిని తన సంపాదనతో పోషిస్తూ, బతుకు మీద ఆశ చావకుండా, ఎవరేమనుకుంటారో అన్న భయం లేకుండా తనకి కావాల్సింది తను వెతుక్కునే మనిషి. ఆమెని మెచ్చుకోవాలో, కోప్పడాలో తెలియక చదివినవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. మీ అమ్మ ఏ పక్షమో మీకు తెలియదు కదా, తెలుసుకోండి, నాకైతే ఆ ఒక్క మాట కోసమైనా ఈ నవల ఇవ్వొచ్చు అనిపిస్తుంది.

యాస సంగతి కూడా మర్చిపోవద్దు, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. పుట్టిపెరిగిన చోటి మాట అచ్చులో కనపడితే మనిషి పొందే సంతోషం వేరు. మీ అమ్మది తెనాలి వైపే అయితే సరే, గోదావరి జిల్లాల ఆడపడుచు అయితే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథలున్నాయి, ఆ ఇళ్లలో ఆడవాళ్లు ఎలా మాట్లాడుకునేవారో అచ్చం అలాగే ఉంటుంది. చిత్తూరు వైపు అమ్మలకి నామిని ‘మా అమ్మ చెప్పిన కతలు’, పాలమూరు వైపు వాళ్లకి యశోదారెడ్డి గారి ‘మా ఊరి ముచ్చట్లు’, నెల్లూరు వైపు వాళ్లకి ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’. పట్నం వచ్చి 40 ఏళ్లుగా మాట మార్చుకుని బతుకుతున్న అమ్మలకి ఇవి పుట్టింటి మనుషులు ఇంటికొచ్చినట్టే.

ఇప్పుడు అక్షరాల సైజు గురించి, ఇది చిన్న విషయంలా కనపడుతుంది కానీ సగం పుస్తకాలు దీనివల్లే మూలపడతాయి. కొనేముందు పుస్తకం మధ్యలో తెరిచి చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని చూడండి. మీకే ఒత్తులు సరిగ్గా కనపడకపోతే అమ్మకి అసలు కనపడవు, తెలుగులో ఒత్తు కనపడకపోతే మాటే మారిపోతుంది. కాగితం మిగలడానికి అక్షరం బాగా చిన్నది చేసి, వరసలు దగ్గరగా ఇరికించి వేసిన పుస్తకాలు చాలా ఉన్నాయి, అదే పుస్తకం ఇంకో ప్రచురణలో పెద్ద అక్షరాలతో ఉందేమో అడగండి. బరువు కూడా చూడండి. 700 పేజీల సంకలనం చూడ్డానికి ఘనంగా ఉంటుంది, మంచం మీద వాలి చదువుదామంటే మణికట్టు లాగుతుంది. అదే రచయితవి రెండు మూడు చిన్న పుస్తకాలుగా దొరికితే అవే మేలు. పాత పుస్తకం కొంటే వాసన చూడండి, దుమ్ము పడని అమ్మలకి అది పనికిరాదు. మీ అమ్మ కళ్లజోడు ఎప్పుడు మార్చారో కనుక్కోండి, రెండు మూడేళ్లు దాటితే పుస్తకంతో పాటు కళ్ల పరీక్ష కూడా మీ కానుకలో చేర్చండి. చదవబుద్ధి కావట్లేదు అనే అమ్మల్లో చాలామందికి నిజానికి కనపడట్లేదు, పైకి చెప్పరంతే.

రోజంతా పనితో తెగిపోతుండే సమయమైతే నవల కంటే కథలు నయం. పాలవాడు, పనిమనిషి, ఫోను, ఇన్నిటి మధ్య 8 పేజీల కథ పూర్తవుతుంది, పూర్తి చేశానన్న తృప్తే రెండో కథ చదివిస్తుంది.

ఎక్కడ కొనాలంటారా, ఊరికి ఒకరోజు ముందే వెళ్లగలిగితే విజయవాడలో దిగి ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులు తిరగండి, తెనాలి అక్కడికి దగ్గరే కదా. షాపులో పనిచేసే పెద్దవాళ్లకి “60 ఏళ్ల ఆవిడకి, యద్దనపూడి చదివిన మనిషికి” అని చెబితే చాలు, నాలుగు తీసి ముందు పెడతారు. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటాయి, ఆ రోజుల్లో అమ్మనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి, అది వేరే పుట్టినరోజు కానుక అనుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే అక్షరాల సైజు తెలియదు, అదొక్కటే ఇబ్బంది. మీ 2000 మొత్తం పుస్తకాలకే పెట్టొద్దు, రెండు పుస్తకాలకి మామూలుగా అంత అవదు, మిగిలిన డబ్బుతో మంచం పక్కకి ఒక మంచి లైటు కొనండి. మన ఇళ్లలో ట్యూబ్‌లైట్ ఎప్పుడూ అమ్మ కూర్చునే చోటికి వెనకగోడ మీదే ఉంటుంది, పేజీ మీద తన నీడే పడుతుంది.

కళ్లు సహకరించని అమ్మలకి, చదువుకునే అవకాశం దక్కని అమ్మలకి ఏమివ్వాలని కూడా కొందరు అడుగుతుంటారు. వాళ్లకి చదివి వినిపించడమే కానుక. మనం దగ్గర లేకపోతే ‘దాసుభాషితం’ లాంటి తెలుగు శ్రవణ పుస్తకాల యాప్ ఫోన్‌లో పెట్టి, ఎలా నొక్కాలో ఓపిగ్గా రెండుసార్లు చూపించి రావాలి.

పుస్తకం మొదటి పేజీలో రాసివ్వండి, తప్పకుండా మీ చేత్తో, తెలుగులో. అక్షరాలు వంకరగా వచ్చినా ఫర్వాలేదు. ‘ప్రియమైన అమ్మకి’ అని కాకుండా అమ్మ పేరు రాయండి, పుట్టింటి ఇంటిపేరుతో సహా, కింద తేదీ, ఊరు. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథ మీరు చదివారో లేదో, అందులో ఒక ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది, ఎవరినడిగినా అమ్మ అనో, ఫలానా వారి భార్య అనో చెబుతారు కానీ పేరు చెప్పరు, చివరికి పాత స్నేహితురాలు పేరు పెట్టి పిలిస్తేనే గుర్తొస్తుంది. చాలా చిన్న కథ, మీ నెమ్మది తెలుగుకి కూడా అరగంట కంటే పట్టదు. పుస్తకం ఇచ్చేముందు మీరు అది చదివి వెళ్లండి.

ఇంకొకటి, ఇది నాన్నగారికి చెప్పాల్సిన మాట. పుస్తకం ఇచ్చేసి, సాయంత్రం ఆరింటికి మళ్లీ టీ ఏది, టిఫిన్ ఏది అంటే ఆ పుస్తకానికి కూడా పోయినేటి కవరు గతే పడుతుంది. మీరు ఇంట్లో ఉన్న రెండు రోజులూ సాయంత్రం వంటగది మీ ఇద్దరిదీ అని ముందే చెప్పేయండి. ఉప్మా ముద్దయినా తింటారు. అమ్మ లేచొచ్చి “నేను చేస్తాలే” అంటుంది, వెనక్కి పంపండి, రెండోసారీ వస్తుంది, మళ్లీ పంపండి.

బెంగళూరు వెళ్లిపోయాక అదే పుస్తకం మీరు కూడా ఒకటి కొనుక్కోండి. తెలుగు నెమ్మదిగా చదువుతానన్నారు కదా, అది ఇక్కడ కలిసొస్తుంది. రాత్రి ఫోన్ చేసినప్పుడు అర్థం కాని మాట ఒకటి అడగండి, “అమ్మా, ‘తవ్వాయి’ అంటే ఏంటి?” అని. తిన్నావా, పడుకున్నావా అనే రెండు నిమిషాల ఫోను ఎంతసేపు సాగుతుందో చూడండి. “నువ్వెక్కడిదాకా వచ్చావు? అయ్యో ఇంకా అక్కడే ఉన్నావా, తొందరగా చదువు, నీకో సంగతి చెప్పాలి” అని అమ్మ అంటే నాకు రాయండి.

ముందు అమ్మమ్మకి ఫోన్ చేయండి. అమ్మ తిట్లు తిన్న ఆ పుస్తకం పేరు తెలిసి, షాపుల్లో దొరక్కపోతే పేరు నాకు పంపండి, వచ్చే ఆదివారం ఎలాగూ ఆబిడ్స్ వెళ్తున్నాను, నేనూ వెతుకుతాను.